కొలనోస్కోపీ ముందు గుండె దడ: ఆ భయంలో ఏమేం కలిసున్నాయి, దేనికి జవాబుంది, దేనికి లేదు

డాక్టర్ చీటీ మీద కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే టెస్ట్, అని రాసిన రోజు నుంచి టెస్ట్ అయ్యే రోజు దాకా ఉండే ఆ నాలుగైదు రోజులే చాలామందికి టెస్ట్ కన్నా కష్టంగా గడుస్తాయి. రాత్రిళ్లు నిద్రపట్టదు, ఫోన్‌లో అదే వెతుకుతూ ఉంటారు, చుట్టాల్లో ఎవరో ఒకరు "మా బావగారికి చేశారు, నరకం చూశాడు" అంటారు, ఇంకొకరు "నాకేం తెలీలేదు, పడుకుని లేచా అంతే" అంటారు, రెండూ విన్నాక అయోమయం ఇంకాస్త పెరుగుతుంది. నలభైల్లో ఉన్నవాళ్లకి కూడా పెద్దపేగు క్యాన్సర్ వస్తోందన్న వార్తలు వస్తున్నాయి కాబట్టి ఈ టెస్ట్ గురించి అడిగేవాళ్లూ ఎక్కువయ్యారు.

నేను చెప్పదలుచుకుంది ఇది: కొలనోస్కోపీ భయం అంటే ఒక్క భయం కాదు. పేగు కడిగే పౌడర్ తాగి రాత్రంతా బాత్రూంకి తిరగాలన్న బెంగ, ఎవరి ముందో బట్టలు తీయాలన్న సిగ్గు, నొప్పి, మత్తు, లోపల ఏదైనా చిరిగిపోతుందేమో అన్న అనుమానం, వీటన్నిటికీ అడుగున "ఏం బయటపడుతుందో" అన్న భయం, ఇవన్నీ కలిసిపోయి ఒకే దడలా తెలుస్తాయి. విడదీసి చూస్తే చాలావాటికి గట్టి జవాబులున్నాయి. ఆఖరిదానికి మాత్రం టెస్ట్ అయ్యేదాకా ఎవరి దగ్గరా జవాబుండదు, దాని బరువంతా తీసుకెళ్లి పైపు మీదా సూది మీదా పెట్టడం వల్లే అవి కూడా కొండల్లా కనిపిస్తాయి.

## అసలు లోపలికి వెళ్లేది ఏంటి

పెద్దపేగు దాదాపు 1.5 మీటర్ల పొడవుంటుంది. మలద్వారం దగ్గర మొదలై, ఎడమవైపు పైకి, కడుపు మీదుగా అడ్డంగా, మళ్లీ కుడివైపు కిందకి దిగి, చిన్నపేగు కలిసే చోట ఆగుతుంది. కొలనోస్కోప్ అంటే వేలంత లావుండే, ఎటంటే అటు వంగే గొట్టం. కొసన లైటు, కెమెరా ఉంటాయి, లోపల సన్నటి దారి ఉంటుంది. ఆ దారిలోంచి నీళ్లు కొట్టొచ్చు, చిన్న పట్టకారు పంపి ముక్క తీయొచ్చు, దాన్నే బయాప్సీ అంటారు. వైరు ఉచ్చు పంపి పాలిప్‌ని అక్కడికక్కడే తీసేయొచ్చు. పాలిప్ అంటే పేగు లోపలి పొర మీద మొలిచే చిన్న బుడిపె. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ అవ్వవు, చాలావరకు అవ్వవు, కానీ పెద్దపేగు క్యాన్సర్‌లో ఎక్కువ భాగం అడినోమా అనే రకం పాలిప్‌గానే మొదలవుతుంది, అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా ఏళ్లు పడుతుంది, పదేళ్ల దాకా కూడా. ఆ మధ్యలో కనిపెట్టి తీసేస్తే కథ అక్కడితో ఆగిపోతుంది. చూడటం, తీసేయడం రెండూ ఒకే సిట్టింగ్‌లో అయిపోవడమే ఈ టెస్ట్ గొప్పతనం. 1969లో న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు డాక్టర్లు ఇలా వైరు ఉచ్చుతో పాలిప్ తీయడం మొదలుపెట్టేదాకా పొట్ట కోయాల్సి వచ్చేది.

మొత్తం పని మామూలుగా 20 నుంచి 45 నిమిషాలు. డాక్టర్ జాగ్రత్తగా చూసేది వెళ్లేటప్పుడు కాదు, గొట్టాన్ని మెల్లగా వెనక్కి తీసుకొచ్చేటప్పుడు, దానికి కనీసం 6 నిమిషాలు పట్టాలన్నది చాలా ఏళ్లు ఉన్న ప్రమాణం, అమెరికాలో 2024లో దాన్ని 8 నిమిషాలకి పెంచారు.

## అమెరికాలో ఉన్న కొడుకు ధైర్యంగా ఉంటాడు, ఇక్కడున్న నాన్న ఎందుకు వణుకుతాడు

ఇది ధైర్యం పిరికితనం విషయం కాదు. అమెరికాలో 2021 మే నుంచి 45 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి ఒక్కరూ, ఏ ఇబ్బందీ లేకపోయినా, పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ చేయించుకోవాలని సిఫార్సు ఉంది, అంతకుముందు అది 50 నుంచి మొదలయ్యేది. అందుకే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి 45 రాగానే ఫ్యామిలీ డాక్టర్ అడుగుతాడు, ఆఫీసులో పక్కసీటు వాడు కూడా చేయించుకునే ఉంటాడు. అక్కడ అది వయసుతో పాటు వచ్చే చెకప్.

మన దేశంలో అలాంటి జాతీయ కార్యక్రమం లేదు. ప్రభుత్వం చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు, ఎందుకంటే పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ ఆ క్యాన్సర్ రేటు తక్కువ. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొలనోస్కోపీ రాశారంటే సాధారణంగా ఏదో లక్షణం ఉంది కాబట్టే రాశారు: మోషన్‌లో రక్తం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం, నెలల తరబడి విరేచనాలు, లేదా ఉన్నట్టుండి మోషన్ తీరు మారిపోవడం. అందుకే ఇక్కడ ఆ చీటీ చూడగానే మనసు నేరుగా క్యాన్సర్ దగ్గరకి వెళ్లిపోతుంది.

కానీ అదే లక్షణాల వెనక ఏమేం ఉండొచ్చో చూస్తే లిస్టు చాలా పెద్దది. మొలలు, ఫిషర్ అంటే మలద్వారం దగ్గర చీలిక, అమీబా ఇన్ఫెక్షన్, పేగు వాచే జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్, మన దేశంలో మర్చిపోకూడని పేగు టీబీ. పేగు టీబీ అయితే మందులతో నయమయ్యే జబ్బు, పైగా అది క్రోన్స్‌లా కనిపించి డాక్టర్లనే తికమక పెడుతుంది, తేల్చుకోవడానికి కొలనోస్కోపీలో తీసిన ముక్కే దిక్కు. క్యాన్సర్ ఉందేమో చూడటం ఈ టెస్ట్‌కి ఒక కారణం, ఏకైక కారణం కాదు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. రక్తం పడుతుంటే "మొలలే అయ్యుంటాయి" అనుకుని ఏళ్లకేళ్లు లేహ్యాలు, ఆయింట్‌మెంట్లతో నెట్టుకొచ్చేవాళ్లు మన ఇళ్లల్లో చాలామంది. ఎక్కువసార్లు మొలలే అయ్యుంటాయి, నిజమే. కానీ చూడకుండా అది తెలిసేది కాదు.

## ముందురోజు పౌడర్: అందరూ ఎక్కువగా తిట్టేది దీన్నే

ఒకసారి చేయించుకున్నవాళ్లని అడగండి, చాలామంది టెస్ట్ గురించి కాదు, పౌడర్ గురించే చెప్తారు. పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పౌడర్, మనదగ్గర పెగ్‌లెక్ లాంటి పేర్లతో దొరుకుతుంది, ఒక ప్యాకెట్ 2 లీటర్ల నీళ్లలో కలిపి తాగాలి. అది ఒంట్లోకి ఇంకకుండా, నీళ్లని పేగులోనే పట్టి ఉంచి, మొత్తం కడిగేస్తుంది. ఉప్పుప్పగా, జిడ్డుగా ఉంటుంది, చల్లగా ఉంటే కాస్త నయం. వేరే రకం మందులు కూడా ఉన్నాయి, తక్కువ పరిమాణంలో తాగేవి, కానీ సోడియం ఫాస్ఫేట్ రకం కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి మంచిది కాదు, అందుకే పక్కింటాయన వాడింది మనకీ పనికొస్తుందని లేదు.

ఉదాహరణకి గుంటూరులో 52 ఏళ్ల ఒకాయనకి బుధవారం పొద్దున 10 గంటలకి టెస్ట్ ఉందనుకుందాం. ఒక్కో ఆస్పత్రి పద్ధతి ఒక్కోలా ఉంటుంది, లెక్క అర్థం కావడానికి ఒక నమూనా. సోమవారం నుంచి పీచు ఉండేవి ఆపుతాడు, అంటే ఆకుకూరలు, జామకాయ, గింజలున్న టమాటా వంకాయ, జొన్నరొట్టె వద్దు, తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు పర్లేదు. మంగళవారం పొద్దున తేలిగ్గా ఇడ్లీ, ఆ తర్వాత నుంచి కొబ్బరినీళ్లు, వడకట్టిన జ్యూస్, పాలు లేని టీ లాంటివే, ఎరుపు రంగువి మాత్రం వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. సాయంత్రం 6కి మొదటి లీటర్, పావుగంటకో గ్లాసు చొప్పున. గంటా గంటన్నరలో మొదలవుతుంది, రాత్రి పదికల్లా చాలావరకు సద్దుమణుగుతుంది. బుధవారం తెల్లవారుజామున 5కి రెండో లీటర్, 8 తర్వాత నీళ్లు కూడా లేవు.

ఇలా రెండు విడతలుగా ఎందుకు, ముందురోజే మొత్తం తాగేసి హాయిగా పడుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. రాత్రంతా చిన్నపేగు నుంచి పసరు దిగుతూనే ఉంటుంది, పొద్దున రెండో విడత తాగకపోతే కుడివైపు పేగు గోడ మీద అది పూతలా అంటుకుని ఉంటుంది, దాని కింద చదునుగా ఉండే పాలిప్‌లు కనిపించవు. సరిగ్గా శుభ్రం కాకపోతే టెస్ట్ మళ్లీ చేయాల్సి రావొచ్చు, అంటే ఇదంతా రెండోసారి. బయటికి వచ్చేది మూత్రంలా పల్చగా, పసుపుపచ్చగా ఉంటే పేగు రెడీ అయినట్టు.

షుగర్ ఉన్నవాళ్లకి ఇక్కడ నిజమైన జాగ్రత్త ఒకటుంది. తిండి ఆపి ఇన్సులిన్ మామూలుగానే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. రక్తం పల్చబడే మందులు, ఐరన్ మాత్రలు కూడా అంతే, ఏవి ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. ఐరన్ అయితే సాధారణంగా వారం ముందే ఆపిస్తారు, మలాన్ని నల్లగా బంకగా చేస్తుంది కాబట్టి.

## సిగ్గు

దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు, కానీ వాయిదాలు వేయడానికి పెద్ద కారణం ఇదే అని నా నమ్మకం, ముఖ్యంగా మన అమ్మలు, అత్తల తరంలో. వాస్తవంగా జరిగేది ఏంటంటే వెనకవైపు తెరుచుకునే గౌను ఇస్తారు, ఎడమపక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోమంటారు, పైన దుప్పటి ఉంటుంది, తెరిచి ఉండేది అవసరమైన చోటు మాత్రమే, గదిలో డాక్టర్, నర్సు, టెక్నీషియన్, మత్తు ఇస్తే మత్తు డాక్టర్. అందరి కళ్లూ స్క్రీన్ మీదే ఉంటాయి. ఆడ డాక్టర్ కావాలనో, కనీసం ఆడ నర్సు పక్కన ఉండాలనో అడగడం తప్పు కాదు, అపాయింట్‌మెంట్ టైంలోనే అడిగితే చాలాచోట్ల కుదురుతుంది.

## నొప్పి ఎక్కడినుంచి వస్తుంది, గుర్తుండేది ఏంటి

చాలామందికి తెలియని సంగతి: పేగు లోపలి పొరకి కోత నొప్పి తెలీదు. బయాప్సీ ముక్క తీసినా, పాలిప్ కోసినా మెలకువగా ఉన్న మనిషికి కూడా అక్కడ నొప్పి అనిపించదు. పేగుకి తెలిసేది సాగదీత. గాలి నింపి ఉబ్బించినప్పుడు, మెలికల దగ్గర గొట్టం లూప్‌లా వంగి గోడని నెట్టినప్పుడు మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, గ్యాస్ పట్టేసినప్పుడు వచ్చేది అదే. లంగాకి బొందు ఎక్కించేటప్పుడు గుడ్డ కుచ్చులుగా పిన్ను మీదకి చేరుతుంది చూడండి, మంచి చెయ్యి ఉన్న డాక్టర్ పేగుని అలా కుచ్చులుగా గొట్టం మీదకి తెచ్చుకుంటూ వెళ్తాడు, నెట్టుకుంటూ కాదు. మధ్యలో నర్సు పొట్ట మీద అదమడం, పక్క మార్చమనడం కూడా ఆ లూప్ పడకుండా ఉండటానికే. మామూలు గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడే చోట్ల తర్వాత ఉబ్బరం తక్కువ, అది తొందరగా ఒంట్లోకి ఇంకిపోతుంది కాబట్టి.

మరి ఒకాయన నరకం అంటాడు, ఇంకొకాయన ఏం లేదంటాడు, ఎవర్ని నమ్మాలి? మత్తు ఇచ్చారా లేదా అన్నది మొదటి తేడా, అది అడగకుండా ఎవరి అనుభవాన్నీ పోల్చలేం. రెండోది జ్ఞాపకం. తర్వాత ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్, టొరంటో డాక్టర్ డొనాల్డ్ రెడెల్‌మియర్ కలిసి 1996లో కొలనోస్కోపీ పేషెంట్ల మీద కూడా చేసిన ఒక పరిశోధన అచ్చేశారు. టెస్ట్ జరుగుతుండగా నిమిష నిమిషానికీ నొప్పి ఎంతుందో చెప్పించి, అయ్యాక మొత్తం ఎలా ఉందని అడిగారు. ఎంతసేపు జరిగింది అన్నదానికీ, ఎంత బాధగా గుర్తుంది అన్నదానికీ సంబంధం దాదాపు లేదు. అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పుట్టిన క్షణం, చివరి నిమిషాలు, ఈ రెండే జ్ఞాపకాన్ని తయారుచేశాయి. 2003లో 682 మందితో ఇంకో అడుగు వేశారు. సగంమందికి టెస్ట్ అయిపోయాక గొట్టం కొసని కదపకుండా కాసేపు అలాగే ఉంచి తర్వాత తీశారు. వాళ్లకి పట్టిన టైం ఎక్కువే, కానీ చివర తేలిగ్గా ముగిసింది కాబట్టి మొత్తం అనుభవాన్ని తక్కువ బాధగా గుర్తుపెట్టుకున్నారు.

అంటే చుట్టాలు చెప్పేది అబద్ధం కాదు, కానీ అది ఇరవై నిమిషాల కథ కాదు, ఒకటి రెండు నిమిషాల కథ. మన పొట్ట వేరు, మన డాక్టర్ వేరు, మత్తు వేరు.

## మత్తు ఇవ్వాలా వద్దా: రెండు వైపులా బలమైన మాటలున్నాయి

మూడు దారులున్నాయి. మిడజోలామ్, ఫెంటనిల్ లాంటివి ఇచ్చి మగతలో ఉంచడం ఒకటి, పిలిస్తే పలుకుతారు కానీ తర్వాత పెద్దగా గుర్తుండదు. ప్రోపోఫాల్ ఇచ్చి పూర్తిగా నిద్రపుచ్చడం ఇంకోటి, అర నిమిషంలో నిద్ర, ఆపేసిన కొద్ది నిమిషాల్లో మెలకువ. మూడోది మత్తే లేకుండా.

ప్రోపోఫాల్ వైపు వాళ్లు చెప్పేది న్యాయంగానే ఉంటుంది: భయపడే మనిషికి ఇంతకన్నా మేలైంది లేదు, నొప్పి తెలీదు, డాక్టర్ కూడా తొందరపడకుండా చూస్తాడు, ఒకసారి బాగా జరిగితే మళ్లీ అవసరమైనప్పుడు పేషెంట్ పారిపోడు. అవతలివైపు: మత్తు మందు ఊపిరిని మందగింపజేస్తుంది, అందుకే పక్కనే కనిపెట్టుకుని ఉండే మనిషి, వేలికి ఆక్సిజన్ క్లిప్పు కావాలి, ఖర్చు పెరుగుతుంది, ఆ రోజంతా బండి నడపకూడదు, ముఖ్యమైన సంతకాలు పెట్టకూడదు, తోడు ఒకరు తప్పనిసరి. పైగా మెలకువగా ఉంటే నొప్పి ఎక్కువైనప్పుడు పేషెంట్ చెప్పగలడు. నార్వే లాంటి దేశాల్లో మత్తు లేకుండా చేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడ అది సాహసం అనుకోరు.

నా ఉద్దేశం అడిగితే, విపరీతంగా దడపడే మనిషిని మత్తు లేకుండా ఓర్చుకోమనడం సరికాదు, అలాగని మత్తంటేనే భయపడే మనిషికి అదొక్కటే దారి అన్నట్టు చెప్పడమూ సరికాదు. గురక, ఆస్తమా, గుండె జబ్బు, ఇంతకుముందు మత్తు పడకపోవడం, ఇవి ముందే చెప్పాల్సిన విషయాలు, మత్తు డాక్టర్ వాటిని బట్టే మందు ఎంచుకుంటాడు.

## కన్సెంట్ ఫారం మీద ఉండే పెద్ద పదాలు

సంతకం పెట్టే కాగితం మీద పర్ఫొరేషన్, బ్లీడింగ్ అని ఉంటుంది, చదవగానే కాళ్లు వణుకుతాయి. పర్ఫొరేషన్ అంటే పేగుకి చిల్లు పడటం. అమెరికా నిపుణుల కమిటీ 2021లో పరిశోధనలన్నీ పోగేసి చూసిన లెక్కలో, స్క్రీనింగ్ కోసం చేసిన ప్రతి 10,000 కొలనోస్కోపీల్లో చిల్లు పడింది దాదాపు 3 సార్లు, పెద్ద రక్తస్రావం దాదాపు 15 సార్లు. పదివేల మందిని వరసలో నిలబెడితే 9,980 మందికి పైగా ఈ రెండూ లేకుండా ఇంటికెళ్తారు. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సగటు, పెద్ద పాలిప్ తీసినా, వయసు బాగా పైబడినా, పేగు బాగా వాచి ఉన్నా రిస్క్ పెరుగుతుంది. సున్నా అని ఎవరైనా చెప్తే అది నిజం కాదు. ఇంటికొచ్చాక తగ్గని కడుపునొప్పి, జ్వరం, ఎక్కువగా రక్తం పడటం ఉంటే అది గ్యాస్ అనుకుని ఊరుకునే విషయం కాదు, వెంటనే ఆస్పత్రికే.

## ఏ లక్షణమూ లేనివాళ్లకి ఇది అవసరమా అన్న గొడవ

2022లో పోలాండ్, నార్వే, స్వీడన్‌లలో దాదాపు 85,000 మంది మీద జరిగిన నార్డిక్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాక ఈ చర్చ వేడెక్కింది. 55 నుంచి 64 ఏళ్ల వాళ్లలో కొందర్ని కొలనోస్కోపీకి పిలిచారు, మిగతావాళ్లని పిలవలేదు. 10 ఏళ్లలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది పిలిచిన గుంపులో 0.98 శాతానికి, పిలవని గుంపులో 1.20 శాతానికి. ఇంకోలా చెప్తే 455 మందిని పిలిస్తే ఒక క్యాన్సర్ తప్పింది. క్యాన్సర్ మరణాల్లో గట్టిగా చెప్పగలిగే తేడా ఆ పదేళ్లలో రాలేదు.

"చూశారా, అనవసరంగా భయపెడుతున్నారు" అని కొందరన్నారు. ఇంకో వర్గం ఏమందంటే పిలిచినవాళ్లలో వచ్చి చేయించుకున్నది 42 శాతమే, అందరూ వచ్చుంటే రిస్క్ దాదాపు 31 శాతం తగ్గేదని అంచనా, పైగా నిదానంగా పెరిగే జబ్బుకి పదేళ్లు చాలవు. రెండు మాటల్లోనూ నిజముంది. బ్రిటన్, నెదర్లాండ్స్ లాంటి దేశాలు మధ్యదారి పట్టాయి, ఇంటికి కిట్ పంపి మలంలో కంటికి కనిపించని రక్తం ఉందేమో చూస్తారు, తేడా వస్తేనే కొలనోస్కోపీ. ఇదంతా లక్షణాలు లేనివాళ్ల గురించిన చర్చ అన్నది మర్చిపోకూడదు. రక్తం పడుతున్న మనిషి నార్డిక్ ట్రయల్ వార్త చూసి టెస్ట్ మానుకుంటే అది ఆ పరిశోధన చెప్పని మాటని దానికి అంటగట్టడమే. తల్లిదండ్రుల్లోనో అన్నదమ్ముల్లోనో పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవాళ్ల లెక్క కూడా వేరు, వాళ్లకి ముందే మొదలుపెట్టాలంటారు.

## అడుగున ఉన్న భయం, రిపోర్ట్ చదివే తీరు

మిగతా భయాలకి మందో, మాటో, లెక్కో ఉంది. ఏం బయటపడుతుందో అన్నదానికి టెస్టే జవాబు. ఆ భయాన్ని "ఏం కాదులే" అని కొట్టిపారేయడం కన్నా, అవును ఇది నిజంగా భయపడే విషయమే అని పక్కన కూర్చునే మనిషి ఉంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఫలితం రెండు విడతలుగా వస్తుంది. కంటికి కనిపించింది అదే రోజు చెప్తారు, మత్తులో ఉన్నప్పుడు విన్నది గుర్తుండదు కాబట్టి తోడొచ్చినవాళ్లు వినడం మంచిది. ముక్క తీస్తే బయాప్సీ రిపోర్ట్‌కి కొన్ని రోజులు పడుతుంది. ముక్క తీశారంటే క్యాన్సర్ అనుమానం అని అర్థం కాదు, విరేచనాలున్న మనిషికి పేగు మామూలుగా కనిపించినా తీస్తారు. రిపోర్ట్‌లో హైపర్‌ప్లాస్టిక్ పాలిప్ అని ఉండి, అది చిన్నదై పేగు చివర ఉంటే దాదాపు హాని లేనిది. ట్యూబులర్ అడినోమా, లో గ్రేడ్ డిస్‌ప్లేసియా అని ఉంటే అది క్యాన్సర్ కాదు, ముందుముందు మారే గుణం ఉన్న పాలిప్, పూర్తిగా తీసేశారంటే ఆ దారి మూసినట్టే.

మళ్లీ ఎప్పుడు అన్నది కూడా దీన్ని బట్టే. స్క్రీనింగ్ కోసం చేయించుకుని, పేగు బాగా శుభ్రమై, ఏమీ కనిపించకపోతే అమెరికా గైడ్‌లైన్స్ ప్రకారం 10 ఏళ్ల దాకా అక్కర్లేదు. చిన్న అడినోమాలు ఒకటి రెండు ఉంటే 7 నుంచి 10 ఏళ్లు, మూడు నాలుగు ఉంటే 3 నుంచి 5 ఏళ్లు. లక్షణాల వల్ల చేయించుకున్నవాళ్లకి ఈ లెక్క నేరుగా వర్తించదు, వాళ్లకి తర్వాతి అడుగు ఏంటన్నది బయాప్సీ చూసిన డాక్టర్‌నే అడిగి, రిపోర్ట్ మీదే రాయించుకోవాలి.